ర్యాంప్ మోడల్ అవ్వాలనుకునే మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. మోడలింగ్ మొదలుపెట్టడానికి లక్ష రూపాయల పోర్ట్‌ఫోలియో, అంటే స్టూడియోలో తీయించిన ఫొటోల ఆల్బమ్, అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఫీజనీ గ్రూమింగ్ (నడక, అలంకరణ నేర్పడం) ఫీజనీ, లేకపోతే ‘మీరు సెలెక్ట్ అయ్యారు, అడ్వాన్స్ కట్టండి’ అనీ ఎవరైనా అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. సరైన ఏజెన్సీ మీకు పని ఇప్పించి, వచ్చిన దాంట్లో కమిషన్ తీసుకుంటుంది. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి ఇలాంటివాళ్ళకి కట్టారని విన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. ఇప్పటికే ఆన్‌లైన్లో పంపేసి మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక ఎత్తు. ఇందులో మొహమాటం లేదు. ర్యాంప్‌కి అమ్మాయిలైతే సుమారు 5 అడుగుల 8 అంగుళాలు, అబ్బాయిలైతే 6 అడుగులు అడుగుతారు, ఎందుకంటే షోకి బట్టలు ముందే ఒక శాంపిల్ సైజులో కుట్టేసి ఉంటాయి, వాటికి సరిపోయే మనిషిని వెతుక్కుంటారు. అబ్బాయిలు జిమ్‌కెళ్ళి భుజాలు మరీ పెంచేస్తే ఆ కోటు పట్టదు, అదీ గుర్తుపెట్టుకోండి. ఎత్తు బాగా తక్కువైతే చీరల కేటలాగులు, నగల ప్రకటనలు, ఆన్‌లైన్ బట్టల ఫొటోలు చూసుకోండి, అక్కడ ఎత్తు పట్టింపు తక్కువ. రంగు గురించి మాత్రం దిగులే వద్దు. తెల్లబడాలని డాక్టర్‌ని అడక్కుండా స్టెరాయిడ్ క్రీములు రాసుకుంటే చర్మం పల్చబడి, మొటిమలొచ్చి, ఉన్న మంచి చర్మం కూడా పోతుంది.

ఏజెన్సీలు మొదట అడిగేవి డిజిటల్స్. అంటే మేకప్, ఫిల్టర్ లేకుండా తీసిన మామూలు ఫొటోలు. పొద్దున్నే ఎండ ముదరకముందు, నీడపట్టున, బోసిగా ఉన్న గోడ ముందు నిలబడండి. ఒంటికి అతుక్కునే నల్ల టీషర్టు, జీన్స్ చాలు, జుట్టు వెనక్కి లాగి కట్టేయండి. ముఖం దగ్గరగా ఒకటి, నిలువునా ఒకటి, రెండు పక్కల నుంచీ వెనక నుంచీ ఒక్కోటి తీయించుకోండి. తీసేవాళ్ళని ఫోన్ మీ నడుము ఎత్తులో పట్టుకోమనండి, పైనుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా పడతాయి. కొలతలు మీ వీధి టైలర్ చేతే తీయించండి. ఛాతీ, నడుము, పిరుదులు, చెప్పుల సైజు, చెప్పుల్లేకుండా ఎత్తు. పొట్ట లోపలికి లాక్కోవద్దు, ఫిటింగ్ రోజున టేపు ఎలాగూ నిజం చెప్పేస్తుంది.

నడక డాబా మీద నేర్చుకోవచ్చు. సుద్దముక్కతో పొడుగ్గా గీత గీసి, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆ గీత మీదే పడేలా నడవండి. అమ్మాయిలు వెడల్పు మడమ ఉన్న హీల్స్‌తో మొదలుపెట్టి మెల్లగా 4 అంగుళాల సన్న హీల్స్‌కి రండి. గడ్డం ఎత్తకూడదు, దించకూడదు, చూపు ఎదురుగా దూరంగా ఉండాలి, ఎందుకంటే ర్యాంప్ చివర ఫొటోగ్రాఫర్లు ఉండేది అక్కడే. చేతులు ఊపకండి, వాటంతట అవే కదలనివ్వండి. చివర రెండు మూడు సెకన్లు నిలబడి, ముందు ఒళ్ళు, ఆఖరున తల తిప్పుతూ వెనక్కి రండి. వీడియో తీసుకుని సౌండ్ ఆపి చూడండి, భుజం ఒకవైపు వంగడం, మోకాలు మడిచి నడవడం అప్పుడు కనిపిస్తాయి. చీరలో కూడా సాధన చేయండి. పొందూరు ఖద్దరు చీర కట్టి నడిచి చూడండి, సిల్క్‌లా జారదు, కుచ్చిళ్ళని పాదంతో తన్నకుండా అడుగు వేయడం దాంతో బాగా అలవాటవుతుంది. పక్కింటివాళ్ళు ‘ఇదేటే పిల్లా, డాబా మీద ఈ నడకేటి’ అంటారు, అననీయండి.

అందాల పోటీలు వేరే దారి. విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళ 2013లో మిస్ ఇండియా పోటీ నుంచి మిస్ ఎర్త్‌కి వెళ్ళింది, అక్కడ మాట్లాడటం కూడా చూస్తారు. ర్యాంప్ కావాలంటే విశాఖలో ఫ్యాషన్ డిజైన్ చెప్పే కాలేజీలు, హైదరాబాద్ నిఫ్ట్ (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ) లాంటి చోట్ల విద్యార్థుల షోలకి మోడల్స్ కావాలేమో కనుక్కోండి. డబ్బు పెద్దగా రాకపోయినా అనుభవం, నాలుగు మంచి ఫొటోలు వస్తాయి. పెద్ద షోలు ముంబయి, ఢిల్లీల్లోనే. ముంబయికి మన ఆమదాలవలస, విజయనగరం మీదుగా కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది గాని, ఏజెన్సీ వెబ్‌సైట్‌లో డిజిటల్స్ పంపి, వాళ్ళు పిలిచాకే టికెట్ కొనండి.

తిండి మానేసి సన్నబడొద్దు. మోడల్స్ ఆరోగ్యంగా ఉన్నారని డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలని ఫ్రాన్స్ 2017లో నిబంధన అమల్లోకి తెచ్చిందంటే ఆ సమస్య ఎంత ముదిరిందో చూడండి. 18 నిండనివాళ్ళు సొంతంగా సంతకం చేసిన ఒప్పందం చట్టప్రకారం చెల్లదు, అమ్మానాన్నలకి చెప్పకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. నిండినవాళ్ళు కూడా కమిషన్ ఎంత, ఎన్నేళ్ళు కట్టుబడాలి, వేరేచోట పని చేయొచ్చా అన్న మూడూ చదివాకే పెట్టండి.

ఆడిషన్‌కి హీల్స్ సంచిలో వేసుకుని మామూలు చెప్పులతో వెళ్ళండి, తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, గంటలకొద్దీ కూర్చోబెడతారు కాబట్టి నీళ్ళు, రెండు అరటిపళ్ళు దగ్గర పెట్టుకోండి. మీ వంతు వచ్చాక నడవడానికి దొరికేది నిమిషం కూడా ఉండదు. తీసుకోకపోతే కారణం చెప్పరు, చాలాసార్లు ఆ షో బట్టలకి మీ కొలతలు సరిపడకపోవడమే. కొన్ని నెలలాగి కొత్త డిజిటల్స్ తీయించి, అదే ఏజెన్సీకి మళ్ళీ పంపండి.