లాంగ్ వీకెండ్ ట్రిప్‌కి బయల్దేరే ముందు

మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే సెలవు. దాని ముందు శుక్రవారం మధ్యాహ్నం నుంచే అమెరికా హైవేలు కిక్కిరిసిపోతాయి. అక్కడి నుంచి జూలై 4 మీదుగా, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా ఈ దేశంలో అందరూ ఊళ్లు తిరిగే కాలం. మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లోనూ "ఎంతమంది అయ్యారు? ఒక కారు సరిపోతుందా?" అన్న లెక్కలే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ ఎక్కువగా ఇప్పుడే. మన పిల్లలు లేక్‌లో మునిగిపోయారని, జలపాతం దగ్గర జారిపడ్డారని వార్తలు వినాల్సి వచ్చేదీ ఇప్పుడే. అలాంటి వార్త చదివిన ప్రతిసారీ రెండు రోజులు నాకు అన్నం సయించదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తెలియాలి. మన ఊళ్లలో ప్రమాదం ఉన్న చోట ఎవరో ఒక మనిషి ఉంటాడు. చెరువు గట్టున బట్టలుతికే ఆవిడ "అటు పోకు బాబూ, అక్కడ లోతు" అని కేకేస్తుంది. పుష్కరాల రేవులో గజ ఈతగాళ్లను పెడతారు. అమెరికాలో ఆ పని చాలాచోట్ల ఒక్క బోర్డే చేస్తుంది. "లైఫ్‌గార్డ్ లేరు, ఈత మీ బాధ్యత" అని రాసి ఊరుకుంటారు. కొండ అంచున కంచె ఉండదు, విజిల్ ఊదే వాచ్‌మన్ ఉండడు. కంచె లేదు కాబట్టి భయం లేదనుకోవడం మనవాళ్లు చేసే మొదటి పొరపాటు. కారు దిగగానే ఫోను జేబులో పెట్టి, ముందు ఆ బోర్డు పూర్తిగా చదవండి. అమ్మానాన్నలు వెంట ఉంటే చదివి తెలుగులో చెప్పండి.

నీళ్లు

టెక్సాస్‌లో మనవాళ్లు వెళ్లే లేక్‌లు దాదాపు అన్నీ డ్యామ్ కట్టగా ఏర్పడినవే. అంటే నీళ్ల కింద పాత ఏరు పారిన గాడి అలాగే ఉంటుంది. ఒడ్డు నుంచి పది అడుగులు మోకాలి లోతే ఉంటుంది, పదకొండో అడుగు ఆ గాడిలో పడుతుంది.

కొన్నేళ్ల కిందట అలాంటి ఒక లేక్ దగ్గర నేను కళ్లారా చూశాను. మాస్టర్స్‌కి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు మోకాలి లోతులో నిలబడి ఫోటో తీయించుకుంటున్నాడు. ఒడ్డున ఉన్న స్నేహితుడు "ఇంకొంచెం వెనక్కి రా" అన్నాడు. ఒక్క అడుగు వేశాడంతే. కేక లేదు, చేతులు ఊపడం లేదు. నీళ్ల మీద అతని టోపీ ఒక్కటే తేలుతోంది. మేమంతా అతను కావాలనే మునిగాడనుకున్నాం. పక్కనే చిన్న పడవలో ఉన్న ఒక పెద్దాయనకు మాత్రం అనుమానం వచ్చి తెడ్డు లోపలికి పెట్టాడు. కుర్రాడు దాన్ని పట్టుకుని పైకి వచ్చాడు. ఒడ్డున కూర్చుని అరగంట వణుకుతూనే ఉన్నాడు. "అన్నా, కింద నేల లేదన్నా" అని అదే మాట అంటున్నాడు.

మునిగిపోయే మనిషి సినిమాల్లోలా కేకలు పెట్టడు. నోరు నీళ్లపైన ఉన్న ఆ ఒక్క క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు. కాబట్టి నీళ్లలో ఉన్నవాళ్లను ఒడ్డు మీద ఒకరు చూస్తూ ఉండాలి. ఆ పని ఫలానావారిదని ముందే చెప్పుకోండి.

మన తాతల కాలంలో నడుముకు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టుకుని బావిలో ఈత నేర్చేవారు. అపార్ట్‌మెంట్లలో పెరిగిన మన పిల్లల్లో చాలామందికి ఆ అవకాశం రాలేదు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. లైఫ్ జాకెట్ వేసుకుంటే చాలు. వాల్‌మార్ట్‌లో ముప్ఫై డాలర్ల లోపే దొరుకుతుంది. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (సైన్యంలోని ఇంజినీరింగ్ విభాగం) నడిపే చాలా లేక్‌ల దగ్గర పడవలు దించే చోట ఉచితంగా వాడుకోవడానికి వేలాడదీసి ఉంటాయి, వాడుకుని తిరిగి పెట్టేయాలి. పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో 80 శాతానికి పైగా లైఫ్ జాకెట్ లేనివారేనని కోస్ట్‌గార్డ్ లెక్కలు ఏటా చెబుతున్నాయి.

ఇంకొక్క మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి. స్నేహితుడు మునుగుతుంటే వెంటనే దూకకండి. ఒక్కరు పోవాల్సిన చోట ఇద్దరు పోయేది ఇలాగే. మునిగేవాడు పట్టుకున్నవాణ్ణి కిందికి తొక్కేస్తాడు, అది వాడి చేతిలో ఉండదు. మీరు కూల్‌డ్రింకులు తెచ్చుకున్న ఐస్ బాక్స్ ఖాళీ చేసి మూత వేసి విసరండి, బాగా తేలుతుంది. తాడు విసరండి, కర్ర చాచండి, 911కి ఫోన్ చేయండి.

కాలిఫోర్నియా వైపు వెళ్లేవారికి చల్లదనం ఇంకో గండం. యోసెమిటీ పార్కులో మే, జూన్ నెలల్లో మెర్సెడ్ నదిలో పారేది కొండల మీద కరిగిన మంచు. పైన ఎండ మండుతుంటుంది కాబట్టి దిగాలనిపిస్తుంది. ఆ చలికి ఒక్కసారిగా ఎగశ్వాస వచ్చి, ఆ శ్వాసతోనే నీళ్లు లోపలికి పోతాయి. 2011 జూలైలో అక్కడి వెర్నల్ జలపాతం పైన రెయిలింగ్ దాటి నీళ్లలోకి దిగిన ముగ్గురు, ఇద్దరు యువకులు, ఒక యువతి, కొట్టుకుపోయారు. తడిసిన ఆ రాయి సబ్బు రాసినట్టు ఉంటుంది, ఏ బూట్లూ ఆగవు.

అరిజోనాలో యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయ ఫోటోలు అందరూ చూసే ఉంటారు. 1997 ఆగస్టు 12న అక్కడ వరదలో 11 మంది యాత్రికులు చనిపోయారు. వాళ్ల నెత్తిన పెద్ద వాన లేదు. మైళ్ల దూరంలో ఎక్కడో కురిసిన వాన ఆ ఇరుకు సందులోకి ఒక్కసారిగా వచ్చిపడింది. ఇప్పుడు గైడ్ లేకుండా అక్కడికి పంపరు. కానీ యూటాలో, అరిజోనాలో అలాంటి సందులు చాలా ఉన్నాయి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా వాటిలోకి వెళ్లేముందు రేంజర్ ఆఫీసులో ఆ రోజు వరద సూచన అడగండి. "నేడు వద్దు" అంటే వెనక్కి వచ్చేయండి.

సముద్రంలో అల వెనక్కి లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.

ఎండ

శ్రీశైలంలో పాతాళగంగ మెట్లు దిగినవారికి గ్రాండ్ కాన్యన్ గురించి చెప్పడం తేలిక. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడు ప్రాణం పోతుంది. శ్రీశైలంలో అలసిపోతే రోప్‌వే ఉంది, మెట్ల పక్కన నిమ్మసోడా ఉంది. గ్రాండ్ కాన్యన్‌లో బ్రైట్ ఏంజెల్ అనే నడకదారిలో లోయ అంచు నుంచి నది దాకా దిగుడు సుమారు 1300 మీటర్లు. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. నది దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావద్దని పార్కువాళ్లు బోర్డులు పెట్టేది అందుకే. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోపలి దారుల్లో నడవకూడదు. దిగడానికి పట్టిన టైమ్‌కి రెట్టింపు ఎక్కడానికి పెట్టుకుని, సగం నీళ్లు అయిపోకముందే వెనక్కి తిరగండి.

ఉత్త నీళ్లే లీటర్లు లీటర్లు తాగినా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు తగ్గి కళ్లు తిరిగి పడిపోతారు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఓఆర్‌ఎస్ పొట్లాలు పనికొచ్చేది ఇక్కడే. డెత్ వ్యాలీ సంగతికొస్తే, 1913 జూలై 10న అక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైంది. "మాది రామగుండం, మాది రెంటచింతల, మాకు ఎండ అలవాటే" అనేవాళ్లు నాకు తెలుసు. ఆ అలవాటు రెండేళ్లు ఏసీ గదుల్లో ఉన్న ఒంటికి మిగలదు. వేసవిలో డెత్ వ్యాలీ చూడాలనిపిస్తే కారులోంచే చూడండి.

జంతువులు, వేడి బుగ్గలు

యెల్లోస్టోన్ పార్కులో బైసన్ అచ్చం మన దున్నపోతులా నెమ్మదిగా మేస్తుంటుంది. పల్లెలో గేదెల మధ్య పెరిగినవాళ్లకు దాన్ని చూస్తే భయం వేయదు, దగ్గరికి పోతారు. అది మనిషికంటే మూడు రెట్లు వేగంగా పరిగెడుతుంది. దానికి 25 గజాలు, ఎలుగుబంటికి, తోడేలుకు 100 గజాల దూరం ఉండాలన్నది అక్కడి నిబంధన. వేడి నీటి బుగ్గల దగ్గర చెక్కబాట దిగితే కాలి కింద పైపెచ్చు విరిగి మరిగే నీళ్లలో పడతారు. యోసెమిటీలో రాత్రి కారులో పులిహోర డబ్బా గానీ ఆవకాయ గానీ వదలకండి. వాసనకు ఎలుగులు కారు తలుపులే పీకేస్తాయి. అక్కడ ఇనుప పెట్టెలు పెట్టి ఉంటాయి, తిండంతా వాటిలో పెట్టి గడియ వేయాలి.

కారు, పోలీసు

శుక్రవారం పనంతా చేసి రాత్రి తొమ్మిదికి బయల్దేరి, తెల్లారేసరికి వెయ్యి మైళ్లలో సగం లాగేయాలన్న ప్లాన్ మానుకోండి. హోటల్ ఖర్చు వంద డాలర్లు మిగులుతుందని చేసే పని ఇది. క్రూజ్ కంట్రోల్ వేసిన కారులో తిన్నని రోడ్డు మీద నిద్ర ఎప్పుడు పడుతుందో మనకే తెలియదు. పెట్రోలు సగానికి వస్తే నింపుకోండి. యూటాలో ఐ-70 హైవే మీద పడమటి వైపు వెళ్తూ గ్రీన్ రివర్ ఊరు దాటితే 100 మైళ్లకు పైగా బంకు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా సరిగా రాదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

పోలీసు ఆపితే ఏం చేయాలన్నది అమ్మానాన్నలకు కూడా బయల్దేరేముందే చెప్పాలి. ఇండియాలో పోలీసు ఆపితే మర్యాదగా కిందికి దిగి, దగ్గరికి వెళ్లి మాట్లాడతాం. ఒకసారి స్పీడ్ ఎక్కువైందని నన్ను ఆపినప్పుడు వెనక సీట్లో ఉన్న మా నాన్న అదే చేయబోయారు. "ఉండు, నేను సార్‌తో మాట్లాడతాను" అని తలుపు తీశారు. వెనక కారు మైకులోంచి "లోపలే ఉండండి" అని గట్టిగా అరుపు వినిపించింది. నాన్న చేయి తలుపు మీదే బిగుసుకుపోయింది. ఇక్కడ చాలామంది దగ్గర తుపాకీ ఉంటుంది కాబట్టి, కారు దిగి తన వైపు నడిచొచ్చే మనిషిని ఆఫీసర్ ముప్పుగానే చూస్తాడు. కుడివైపు ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కదలకుండా కూర్చోండి. కాగితాలు డాష్‌బోర్డు అరలో ఉంటే "అక్కడ ఉన్నాయి, తీయమంటారా" అని అడిగి తీయండి. డబ్బు మాట పొరపాటున కూడా ఎత్తకండి.

తాగి నడపడం గురించి విడిగా చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో హద్దు రక్తంలో 0.08 శాతం. జయాన్, ఆర్చెస్ పార్కులున్న యూటాలో 0.05. వీసా మీద ఉన్నవారు అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు కావచ్చు. గంజాయి సంగతీ అంతే. కాలిఫోర్నియాలో, నెవాడాలో దుకాణాల్లో బాహాటంగా అమ్ముతారు, కానీ ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరమే. వీసా చూసేది ఫెడరల్ ప్రభుత్వం, నేషనల్ పార్కులూ వాళ్లవే. గంజాయి కలిపినవి జెల్లీ మిఠాయిల్లా కూడా ఉంటాయి కాబట్టి ఎవరైనా ఇస్తే ప్యాకెట్ చదవకుండా నోట్లో వేసుకోకండి, పిల్లలకు అసలే ఇవ్వకండి.

దారి తప్పితే ఎవరి ఇంటి ముందుదారిలోకీ కారు తిప్పకండి. "నో ట్రెస్‌పాసింగ్" అని ఉన్న గేటు లోపలికి అసలే వద్దు. 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పల్లెలో పొరపాటున వేరే ఇంటి దారిలోకి వెళ్లిన కారులోని 20 ఏళ్ల అమ్మాయిని ఇంటాయన కాల్చి చంపాడు. పెట్రోలు బంకు దాకా వెళ్లి అక్కడ తిప్పుకోండి, పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

కాగితాలు

పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు కాగితం) గానీ గ్రీన్‌కార్డు గానీ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలన్నది చట్టం. డల్లాస్, హ్యూస్టన్ నుంచి మెక్సికో సరిహద్దు దగ్గరున్న సౌత్ పాడ్రే ఐలండ్ బీచ్‌కి వెళ్లేవారు దేశం దాటరు. కానీ తిరుగు ప్రయాణంలో సరిటా దగ్గరో, ఫాల్‌ఫూరియస్ దగ్గరో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంటుంది. న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ వెళ్లినా, బిగ్ బెండ్ వెళ్లినా అంతే. పాస్‌పోర్ట్, ఐ-94, చదువుకునేవారైతే కాలేజీ ఇచ్చిన ఐ-20, అందరివీ ఒక కవర్‌లో పెట్టుకోండి. నయాగరాలో రెయిన్‌బో బ్రిడ్జి లేన్‌లోకి పొరపాటున ఎక్కితే వెనక్కి తిప్పుకునే వీలుండదు, నేరుగా కెనడాలో తేలతారు.

అమ్మానాన్నలకు విజిటర్ ఇన్సూరెన్స్ ఫ్లైట్ ఎక్కకముందే తీసుకోండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు ఏమి ఇస్తారో ఆ పేరా ఒక్కటైనా పూర్తిగా చదవండి. ఇన్సూరెన్స్ లేకపోయినా ఎమర్జెన్సీలో హాస్పిటల్‌కి వెళ్లడానికి జంకకండి. 1986 నాటి చట్టం ప్రకారం డబ్బు సంగతి తేలకపోయినా ఎమర్జెన్సీ గదిలో చూసి, ప్రాణాపాయం తప్పించే వైద్యం చేయాల్సిందే. బిల్లు తర్వాత వస్తుంది, దాని గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

911కి చేసినప్పుడు వాళ్లు మొదట అడిగేది "ఎక్కడున్నారు" అని. హైవే పక్కన ఆకుపచ్చ పలకల మీద మైలు నంబర్లు ఉంటాయి, డ్రైవర్ పక్కన కూర్చున్నవారు వాటిని అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండాలి. "ఐ-40 వెస్ట్, మైల్ మార్కర్ 112" అని చెబితే చాలు, వచ్చేస్తారు. కొండదారిలో సిగ్నల్ ఉండదు కాబట్టి, లోపలికి వెళ్లేముందు ట్రిప్‌కి రాని స్నేహితుడు ఒకరికి మెసేజ్ పెట్టండి. ఏ పార్కు, ఏ దారి, కారు నంబరు ఎంత, ఎంతమంది, ఎన్నింటికి బయటికొస్తారు, అన్నీ అందులో ఉండాలి. "రాత్రి ఎనిమిదికి నా నుంచి ఏమీ రాకపోతే పార్కువాళ్లకు ఫోన్ చెయ్" అని రాయండి. బయటికి రాగానే "వచ్చేశాం" అని ఆ స్నేహితుడికి మొదట చెప్పి, తర్వాత ఫోటోలు పెట్టుకోండి.