పాత పత్రికలు చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: పేజీ అడుగు భాగం

పోయిన పాఠంలో సంపాదకీయం చదివే పద్ధతి చూశాం. ప్రభుత్వం పత్రిక గొంతు నొక్కిందా లేదా అన్నది చాలామంది సంపాదకీయాన్ని, పతాక శీర్షికను చూసి తేల్చేస్తారు. ఎమర్జెన్సీ మనకు నేర్పిన అలవాటు ఇది. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలేసిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాం కదా. ఈసారి చూపు కిందికి దించుదాం, ప్రకటనల మీదకి.

నమూనాగా దక్షిణ కొరియా దినపత్రిక దోంగా ఇల్బో తీసుకుంటున్నాను. దాని పాత సంచికలు నేవర్ న్యూస్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. కొరియన్ రాకపోయినా ఫర్వాలేదు, ఈ పాఠానికి కళ్లూ ఒక స్కేలూ చాలు.

ముందు కాస్త చరిత్ర. ఈ పత్రిక 1920 ఏప్రిల్ 1న జపాన్ పాలన కింద పుట్టింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మారథాన్ గెలిచిన కొరియా కుర్రాడి చొక్కా మీది జపాన్ జెండాను చెరిపేసి ఫొటో వేసింది. అందుకు నెలల తరబడి మూతపడింది. తర్వాత పార్క్ చుంగ్ హీ కాలం వచ్చింది. ఆయన 1961 మే 16న సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కాడు, 1972లో ‘యూషిన్’ పేరుతో రాజ్యాంగాన్నే తనకు అనుకూలంగా మార్చుకున్నాడు. 1974 జనవరిలో ఆ రాజ్యాంగాన్ని విమర్శించడం నేరమైంది, ఆ విమర్శను అచ్చు వేయడం కూడా నేరమే. గూఢచార సంస్థ మనుషులు న్యూస్‌రూమ్‌కి వచ్చి పోతుండేవాళ్లు. ఏ వార్త పెట్టాలో, ఏది తీసేయాలో వాళ్లే చెప్పేవాళ్లు.

1974 అక్టోబరు 24న దోంగా విలేకరులు ఒక ప్రకటన చేశారు. బయటివాళ్ల జోక్యం ఒప్పుకోం, గూఢచార సంస్థ మనుషుల్ని లోపలికి రానివ్వం, విలేకరుల్ని అక్రమంగా పట్టుకుపోతే ఊరుకోం అన్నారు. అప్పటిదాకా అచ్చుకు నోచుకోని నిరసన వార్తలు పేజీల్లోకి రావడం మొదలైంది.

ఇప్పుడు స్కేలు తీయండి. ముందు 1974 అక్టోబరు మొదటి వారం సంచిక ఒకటి తెరిచి, ప్రతి పేజీలో ప్రకటనలకు ఎంత చోటు పోయిందో కొలిచి రాసుకోండి. ఇది మీ కొలబద్ద. కొలబద్ద లేకుండా ఖాళీని చూసి ఆశ్చర్యపోవడం వల్ల లాభం లేదు. తర్వాత డిసెంబరు 26 సంచిక తెరవండి. పైన వార్తలు మామూలుగానే ఉంటాయి. కింద ప్రకటనలుండాల్సిన చోట తెల్ల కాగితం కనిపిస్తుంది.

కంగారుపడి నోట్సులో ‘సెన్సార్’ అని రాసేయకండి. ఖాళీకి కారణాలు చాలా ఉంటాయి. స్కానింగులో పోయిందేమో చూడండి: చుట్టూ గీత చెక్కుచెదరకుండా ఉండి, పక్క అక్షరాలు సాఫీగా ఉంటే ఆ ఖాళీ అచ్చులోనిదే. సెన్సార్ కోత సాధారణంగా వార్త మధ్యలో పడుతుంది. ఇక్కడ వార్తల జోలికి ఎవరూ పోలేదు. డబ్బు వచ్చే చోటే ఖాళీ అయింది. పెద్ద కంపెనీలు వరుసగా ప్రకటనలు రద్దు చేసుకున్నాయి. వాటి మీద ఒత్తిడి తెచ్చింది గూఢచార సంస్థేనని 2008లో ప్రభుత్వ సత్య కమిషన్ (పాత అన్యాయాల మీద విచారణ జరిపే సంఘం) తేల్చింది. అంటే పత్రికను మూయాల్సిన పని లేదు, యాడ్ డిపార్ట్‌మెంట్ గొంతు పిసికితే చాలు అనుకున్నారు.

తర్వాత 1975 జనవరి సంచికలు. నాకు ఈ పాఠంలో బాగా ఇష్టమైన పేజీలివి. ఆ ఖాళీలు చిన్న చిన్న గడులుగా నిండిపోయాయి. అవి పాఠకులు తమ డబ్బుతో కొన్న చోట్లు. పెద్ద కంపెనీ ప్రకటన పక్కన పెట్టి చూడండి: గడి ఎంత చిన్నదో, బొమ్మ లేదు, సరుకు పేరు లేదు. కింద సంతకం చూడండి. పూర్తి పేరుకు బదులు ఒక్క అక్షరమో, ‘ఒక పౌరుడు’ లాంటి మాటో చాలాచోట్ల ఉంటుంది. ఈహ్వా మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థిని ఒకామె, నువ్వు కూడా మోకరిల్లితే నేను నిజంగానే దేశం వదిలి పోతానని దోంగాను బెదిరిస్తూ ‘ఎస్’ అని మాత్రమే సంతకం పెట్టింది. పేరు దాచుకున్న తీరే అప్పటి భయానికి సాక్ష్యం, కాబట్టి సంతకాల్ని విడిగా ఒక పట్టీలో రాసుకోండి.

మార్చిలో యాజమాన్యం లొంగిపోయింది. విలేకరుల్ని తీసేయడం మొదలుపెట్టింది. నిరసనగా లోపల బైఠాయించిన వాళ్లను 17వ తేదీ తెల్లవారుజామున గూండాలు బయటికి ఈడ్చేశారు. వంద మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఎడిటర్ సోంగ్ గన్‌హో రాజీనామా చేశాడు. 1988 మే 15న పౌరుల చందాలతో హాంక్యొరె పత్రిక మొదలైనప్పుడు దాని తొలి అధిపతి ఆయనే.

అభ్యాసం: 1975 చివర్లోని సంచిక ఒకటి తెరిచి ప్రకటనల చోటు కొలవండి. పెద్ద కంపెనీలు తిరిగొచ్చాయి, కాబట్టి మీ అంకె అక్టోబరు 1974కి దగ్గరగా రావాలి. ఆ అంకె పక్కన ‘పత్రిక కోలుకుంది’ అని రాస్తారా? ఏం రాసినా కారణం కూడా రాయండి. దాన్ని పట్టుకుని వచ్చే పాఠంలో విలేకరుల పేర్లు కనబడకుండా పోవడాన్ని చదువుదాం.