పడమటి గోడకు కానుగ నీడ

మే నెలలో పొద్దుగూకినా ఇంట్లో సెగ తగ్గడం లేదంటే, చాలాసార్లు కారణం మధ్యాహ్నమంతా కాగిన పడమటి గోడే. ఆ వైపు ఓ 12 అడుగుల దూరంలో కానుగ మొక్క నాటండి. ఎండలు ముదిరేలోపే పాత ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది, నీడ చిక్కగా ఉంటుంది. పైగా ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. రేకుల షెడ్డు నీడకు ఆ గుణం ఎక్కడిది!

తొలకరిలో 2 అడుగుల గుంత తీసి నాటితే మేలు. మొదటి రెండు వేసవులూ నీళ్లు మానొద్దు. అడుగున చిన్న చిల్లు పెట్టిన పాత కుండను మొక్క పక్కన పాతి నింపుతుంటే సరి. మొదలు చుట్టూ సిమెంటు మాత్రం చేయించకండి, మా వీధిలో అలాగే రెండు చెట్లను ఎండబెట్టారు.