ఆటిజం: పదే పదే చేసే పనులను కొలిచే ముందు జాగ్రత్తలు

• దేన్ని లెక్కిస్తారో ముందే రాసిపెట్టుకోండి. "చేతులు ఆడించడం" అంటే చాలదు. "రెండు చేతులూ వెంటవెంటనే మూడుసార్లో అంతకన్నా ఎక్కువో ఊపడం, 5 సెకన్లు ఆగి మళ్లీ మొదలైతే కొత్త లెక్క" అన్నంత వివరంగా ఉండాలి. లేదంటే ఇద్దరు చూస్తే రెండు లెక్కలొస్తాయి.

• చేతులు ఊపడాన్ని ఎన్నిసార్లని లెక్కపెట్టొచ్చు. వస్తువులు వరసగా పేర్చడాన్ని మాత్రం నిమిషాల్లో కొలవాలి. గంటసేపు అదే పనిలో ఉన్న మనిషికి "1" అని రాస్తే ఏం తెలుస్తుంది?

• నిద్ర సరిపోయిందా, ఒంట్లో బాగుందా, మందులు మారాయా అని అడగండి. ఒక్కరోజు చూసి తేల్చేయకండి.

• కంటికి కనిపించే కదలికలే అన్నీ కావు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం మార్పును భరించలేకపోవడం, ఒకే విషయంపై విపరీతమైన ఆసక్తి, శబ్దానికో స్పర్శకో అతిగా లేదా తక్కువగా స్పందించడం కూడా ఈ కోవలోవే. పక్కన అరగంట కూర్చుంటే ఇవి దొరకవు, రోజూ చూసేవాళ్లను అడగాలి. ఆర్‌బీఎస్-ఆర్ ప్రశ్నావళి పనికొచ్చేది ఇక్కడే: పదే పదే చేసే పనుల గురించి 43 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. చెప్పగలిగితే ఆ వ్యక్తినే అడగండి (చాలామంది మరిచిపోయేది ఇదే). పెద్దవాళ్లలో కొందరు నలుగురిలో ఉన్నప్పుడు వీటిని అణచుకుంటారు.

• వీడియోకి అనుమతి తప్పనిసరి.

• "చేతులు దించు" అని మధ్యలో ఆపొద్దు. తల బాదుకుంటుంటే మాత్రం లెక్క పక్కనపెట్టి ముందు మనిషిని కాపాడండి.

• పిలిచినా పలకకుండా కుదుపులు వస్తుంటే అది మూర్ఛ కావచ్చు. ముందు డాక్టరుకు చూపించండి.