సుడి తరంగాలు – 4వ పాఠం: యాంటెన్నా ఒరిగితే ఏం చేయాలి?

కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి రేడియో తరంగాలతో సమాచారం పంపడానికి, పోయిన పాఠంలో ఒక వృత్తం మీద ఎనిమిది చిన్న యాంటెన్నాలు పెట్టి, ఒక్కోదానికీ 45 డిగ్రీల చొప్పున ఫేజ్ (తరంగం తన ఊపులో ఎక్కడుందో చెప్పే కోణం; ఒక పూర్తి ఊపు 360 డిగ్రీలు) పెంచుకుంటూ వెళ్ళాం. తరంగం వరద గోదారిలో సుడిలా మెలి తిరిగింది. అది ఒకటో మోడ్, అంటే ఒకటో రకం సుడి. 90 చొప్పున పెంచితే రెండో మోడ్. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండూ వేరువేరు సమాచారం మోస్తాయి, ఒకదానిలోకి ఒకటి చొరబడవు. కానీ రెండు గట్ల మీది యాంటెన్నాలూ సరిగ్గా ఎదురెదురుగా చూస్తుంటేనే. మన కోనసీమ ఒండ్రు నేలలో పాతిన స్తంభం ఒక వానాకాలం గడిచాక నిటారుగా ఉంటుందని ఎవరు చెప్పగలరు?

ఒక కంచం తెచ్చుకోండి, అదే మన పంపే యాంటెన్నా వృత్తం. అంచు చుట్టూ ఎనిమిది వక్కలు సమంగా అమర్చండి. రిసీవర్ ఇంటి కప్పుకి ఉందనుకుని, కంచాన్ని మధ్య గీత మీద కొంచెం వంచండి. ఒక వక్క కప్పుకి దగ్గరైంది, దాని ఎదుటిది దూరమైంది, వంచిన గీత మీదున్న రెండూ కదల్లేదు.

ఇప్పుడు లెక్క. ఫ్రీక్వెన్సీ 30 గిగాహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం 10 మిల్లీమీటర్లు. వృత్తం వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లు, ఒరుగు 2 డిగ్రీలు. సైన్ 2 డిగ్రీలు 0.035 కాబట్టి చివరి వక్క జరిగింది 3.5 మిల్లీమీటర్లు, ఇంచుమించు మినపగింజంత. అయితే 10 మిల్లీమీటర్లకి 360 డిగ్రీలు గనక, ఆ మినపగింజే 126 డిగ్రీల ఫేజ్ తేడా! మనం ఓపిగ్గా పేర్చిన 45ల మెట్లు చెదిరిపోతాయి, ఒకటో మోడ్ సమాచారం మిగతా మోడ్‌లలోకి కారిపోతుంది.

స్తంభం ఎక్కక్కర్లేదు. దూరమైనదాని ఫేజ్ 126 ముందుకి జరపండి, దగ్గరైనదాన్ని 126 వెనక్కి. వాటికి అటూ ఇటూ ఉన్న నాలుగింటికీ 126ని 0.707తో గుణిస్తే 89: దూరం వైపు రెండూ ముందుకి, దగ్గర వైపు రెండూ వెనక్కి. కదలని రెండింటినీ ముట్టుకోవద్దు. తరంగం మళ్ళీ తిన్నగా రిసీవర్ వైపు తిరుగుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే: ఈ దిద్దుబాటుకి మోడ్‌తో పని లేదు. ఒక్కసారి సరిచేస్తే అన్ని మోడ్‌లూ దారిలో పడతాయి.

ఒరిగింది రిసీవర్ అయితే ఇదే లెక్క అక్కడ చేయాలి. రెండూ ఒరిగితే రెండు చోట్లా.

ఒక మాట. ఇంత చిన్న యాంటెన్నాతో పంట కాలువ దాటించడం గురించి ఆలోచించండి గానీ గౌతమి గురించి వద్దు. దూరం పెరిగేకొద్దీ సుడి వలయం విప్పారి, మధ్యలో ఉన్న రిసీవర్‌కి శక్తి అందదు. 2011లో వెనిస్‌లో నీటి మీదుగా 442 మీటర్లు దాటించారు, కానీ అక్కడ రిసీవర్ యాంటెన్నాలు వేరే రకంగా అమర్చారు.

అభ్యాసం: రెండో మోడ్‌కి, ఒరుగు 1 డిగ్రీ అయినప్పుడు, ఎనిమిదింటికీ ఇవ్వాల్సిన మొత్తం ఫేజ్‌లు (మోడ్ మెట్టు, దిద్దుబాటు కలిపి) కంచం బొమ్మ గీసి రాయండి. ఒరుగు ఎంతో రిసీవరే కనిపెట్టే పద్ధతి 5వ పాఠంలో.