కందిరీగని కొట్టేముందు గూడు చూడండి

మా కోనసీమలో పెంకుటిల్లయినా డాబా అయినా చూరు కిందో మీటర్ బోర్డు పక్కనో ఒక మట్టిగూడు ఉంటుందండి, అది కట్టే కందిరీగ కనపడగానే చీపురు తీసేస్తాం. పాపం అది ఒంటరిది, మన జోలికి రాదు.

ఎలా గుర్తుపట్టాలంటే, గూడు కాగితంలా ఉండి, కింద గదులు తెరుచుకుని, మీద నాలుగైదు పురుగులు కూర్చునుంటే అవి గుంపు కందిరీగలు, వాటికి దూరంగా ఉండండి, వాటికన్నా పెద్దవైన కణుజు కందిరీగలైతే అసలు ఆ వైపే వెళ్ళొద్దు. గూడు మట్టిదై, ఒక్కటే వచ్చిపోతుంటే భయం లేదు. చేత్తో పట్టి నొక్కితే తప్ప కుట్టదు, మగవాటికి ముల్లే ఉండదు.

నలుపూ పసుపూ కలిసి, నడుం దారమంత సన్నగా ఉంటే అది సాలీళ్ళని పట్టేది, మట్టి అద్దేటప్పుడు జుయ్‌మని సౌండ్ కూడా చేస్తుంది. ఇంకోటి కొమ్మ మీదో గోడకో అంచు తిప్పిన బుల్లి ముంత కడుతుంది, నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం. ముంత లోపల పైనుంచి సన్నటి పోగుతో ఒక గుడ్డు వేలాడదీసి, గొంగళి పురుగుల్ని కుట్టి కదల్లేకుండా చేసి లోపల కూరి మూతేస్తుంది, అవి చచ్చిపోవు కాబట్టి కుళ్ళవు, గుడ్డులోంచి వచ్చిన పిల్ల తాజాగా తింటుంది. మన పెద్దలు చెప్పే భ్రమరకీటక న్యాయం ఇదేనండి, లోపలికి పురుగు వెళ్ళింది, బయటికి కందిరీగ వచ్చింది, మధ్యలో జరిగిందేంటో కనపడదు కదా, పురుగే మారిపోయిందనుకున్నారు.

తులసి పూల మీద నల్లగా ఒంటినిండా నూగుతో తిరిగేవి మట్టిలో వేరుపురుగుల్ని వెతికి గుడ్డు పెట్టే రకం. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి నల్లతల గొంగళి పురుగు మీద వదలడానికి పెంచే బదనికలు, అంటే పురుగుల మీద గుడ్లు పెట్టి వాటిని చంపే బుల్లి కీటకాలు కూడా కందిరీగల చుట్టాలే, మరి మన పెరట్లో ఊరికే పనిచేసేవాటిని స్ప్రే కొట్టి చంపడం ఎంత అన్యాయమో చూడండి.

కుళాయి దగ్గర కాస్త మట్టి తడిగా వదిలెయ్యండి, తులసి, కొత్తిమీర పూతకొచ్చాక పీకెయ్యకండి, పెద్దవాటికి ఆ తేనే తిండి. పొద్దున్న ఎండెక్కాక కాస్త దూరంలో కూర్చుంటే మట్టుండ నోట కరుచుకుని మళ్ళీ మళ్ళీ రావడం కనపడుతుంది. ప్లగ్గు బొక్కల్లో కట్టకుండా టేప్ అంటించండి. గూటికి గుండ్రటి కన్నాలు పడ్డాయంటే పిల్లలు ఎగిరిపోయినట్టు, గోడ శుభ్రం చేసుకోవాలంటే అప్పుడు గీకండి, కన్నం లేని గది ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగండి.