విమాన సంస్థ అమ్మకాన్ని తూకం వేసే పద్ధతి

ప్రభుత్వ విమాన సంస్థను ఒక పెద్ద వ్యాపార సమూహానికి అమ్మవచ్చునా అన్న చర్చ వచ్చినప్పుడు, చాలామంది ముందుగా పక్షం ఎంచుకుని ఆ తరువాత కారణాలు వెతుక్కుంటారు. అంతకన్నా నమ్మదగిన వరుసను నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల రైతులు ఎప్పటినుంచో పాటిస్తున్నారు. రొయ్యల గుంట కొనదలచినవాడు గట్టు మీద నిలబడి, మేత కొట్టు ఖాతా పుస్తకం తెప్పించుకుని, బాకీ ఎంత, అది ఎవరి నెత్తిన పడుతుంది, నీటికి గాలి అందించే ఏరేటర్లు, మోటార్లు బేరంలో కలిసినవేనా అని తేల్చుకున్నాకే ధర మాట ఎత్తుతాడు. ప్రభుత్వం టాటా సమూహానికి చేసిన ఎయిర్ ఇండియా అమ్మకాన్నీ అదే వరుసలో చూడాలి.

మొదట బాకీ చూడండి. 2021 అక్టోబరులో అమ్మకపు ధరగా ప్రకటించిన 18,000 కోట్ల రూపాయలు మొత్తంగా ఖజానాకు చేరాయనుకుంటే పొరపాటే. అందులో 15,300 కోట్లు టాటా సమూహం తన మీద వేసుకున్న అప్పు కాగా, నగదుగా వచ్చింది 2,700 కోట్లు మాత్రమే. ఆ ఏడాది ఆగస్టు 31 నాటికి సంస్థ అప్పు 61,562 కోట్లు కనుక, మిగిలిన 46,262 కోట్లు ఇందుకోసమే ఏర్పరచిన ప్రభుత్వ కంపెనీ ఖాతాకు మళ్లాయి; అంటే పన్ను కట్టేవారి మీదే నిలిచాయి. అయితే 14,718 కోట్ల విలువ కట్టిన భూములు, భవనాల వంటి ఆస్తులు బేరంలో కలవలేదు, అవీ ఆ ప్రభుత్వ కంపెనీకే దక్కాయి. ఈ ఆస్తుల అంకెను వదిలేసి ఊరికే ఇచ్చేశారనడం న్యాయం కాదు. ప్రభుత్వం పెట్టుకున్న కనీస ధర 12,906 కోట్లు, పోటీదారు పాడింది 15,100 కోట్లు అన్న సంగతిని కూడా పక్కన రాసుకోవాలి.

తరువాత, అమ్మకుండా ఉంచితే ఏమవుతుందో లెక్కించాలి. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనమైన నాటి నుంచి సంస్థ నికర లాభం చూడలేదు. అమ్మకం నాటికి రోజుకు సుమారు 20 కోట్ల నష్టమని ప్రభుత్వమే చెప్పింది. 2018లో 24 శాతం వాటా తన వద్దే ఉంచుకుని మిగతాది అమ్మజూపితే ఒక్కరూ ముందుకు రాలేదు. పాత యజమాని గట్టు దిగనంటే గుంట ఎవరు కొంటారు? నా మటుకు ఈ అమ్మకం సరైనదే, కానీ చాలా ఆలస్యంగా జరిగింది.

షరతులు చదివేటప్పుడు వాటి గడువు మీద వేలు పెట్టి చదవాలి. పన్నెండు వేల పైచిలుకు సిబ్బందిని ఏడాదిపాటు తొలగించకూడదనీ, ఆపైన తొలగించదలిస్తే స్వచ్ఛంద విరమణ అవకాశం ఇవ్వాలనీ రాశారు. ఏడాది చాలా తక్కువ. 1932లో జే.ఆర్.డి. టాటా మొదలుపెట్టిన సంస్థ, 1953లో జాతీయం అయి, మళ్లీ పుట్టింటికి చేరిందన్న మాట వినసొంపుగానే ఉంటుంది గానీ, అది లెక్కలోకి రాదు.

చివరిగా, కొన్నవారు ఎంత పెద్దవారయ్యారో చూడాలి. 2024 నవంబరులో టాటాల భాగస్వామ్యంలోని మరో విమాన సంస్థ విస్తారా కూడా ఎయిర్ ఇండియాలో కలిసిపోయాక, దేశీయ ప్రయాణికుల్లో దాదాపు పదింట తొమ్మిదిమంది ఇండిగో లేదా టాటాల విమానాల్లోనే ప్రయాణిస్తున్నారు. దీన్ని సొంతంగా పరీక్షించుకోవడం కష్టమేమీ కాదు. ఒంగోలు వారు గన్నవరం నుంచి, నెల్లూరు వారు రేణిగుంట, చెన్నైల నుంచి, తాము తరచుగా వెళ్లే ఊరికి ఎన్ని సంస్థలు విమానాలు నడుపుతున్నాయో, మామూలు వారంలో టికెట్టు ఎంతో, సంక్రాంతి వారంలో ఎంతో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంటే, పోటీని కాపాడే ఏ షరతు ఆ ఒప్పందంలో ఉండవలసిందో ఆ పేజీలోనే కనబడుతుంది.